ఒక డిష్షు, తొమ్మిది వైర్లు

హామీల అమలు శాఖ మంత్రిగారు ఒక సోమవారం ఉదయం చరిత్రలో నిలిచిపోయే ప్రకటన చేశారు. టీవీల్లో తాను పలికే ప్రతి మాటనూ ఇకమీదట తన ఇంట్లోనే రికార్డు చేయించి భద్రపరుస్తారట. ఏ పౌరుడైనా వచ్చి, "అయ్యా, మీరు ఫలానా రోజు ఫలానా మాట ఇచ్చారు" అంటే, అప్పటికప్పుడు టీవీలో వేసి చూపిస్తారట. ప్రపంచంలో ఏ మంత్రీ ఇంత సాహసం చేయలేదని ఆయన పి.ఏ. విలేకరులతో అన్నాడు. పి.ఏ. నోటి నుంచి నిజం రావడం నేను వినడం అదే మొదటిసారి.

ఈ చరిత్ర అంతా మా బిల్డింగులో జరగడం నా అదృష్టం. మాది మూడంతస్తులు, తొమ్మిది ఫ్లాట్లు. మంత్రిగారు మూడో అంతస్తులో ఉంటారు. చాలా నిరాడంబరులు. ప్రభుత్వం ఇచ్చిన బంగళాని బావమరిదికి వదిలేసి మాలాంటి వాళ్ళ మధ్య కాలక్షేపం చేస్తున్నారు. నేను రెండో అంతస్తు, పైగా నివాసుల సంఘం కార్యదర్శిని. కార్యదర్శి అంటే లిఫ్టు చెడిపోతే తిట్లు తినేవాడు. అప్పటికి లిఫ్టు చెడిపోయి నాలుగు నెలలు.

మంగళవారం డిష్ మెకానిక్ వచ్చాడు. రికార్డింగు యంత్రాన్ని నలుగురు మనుషులు మెట్ల మీదుగా మోసుకొచ్చారు. మంత్రిగారు సోఫాలో కూర్చుని, కాళ్ళు టీపాయ్ మీద పెట్టి, సాంకేతిక వివరాలు అడిగి తెలుసుకున్నారు.

"సార్, మేడ మీద అందరికీ కలిపి ఒకటే డిష్షు. దాన్నుంచి ఫ్లాటుకో వైరు దిగింది. ఒక వైరు మీద ఒక్క ఛానలే వస్తుంది. ఒకటి చూస్తూ ఇంకోటి రికార్డు చెయ్యాలంటే రెండు వైర్లుండాలి" అన్నాడు మెకానిక్.

మంత్రిగారు పి.ఏ. వైపు తిరిగారు. "నేను ఎన్ని ఛానళ్ళలో వస్తానయ్యా?"

"ఎనిమిదింట్లో సార్."

"అన్నిట్లోనూ చెప్పేది ఒకే మాట కదండీ, ఒకటి రికార్డు చేస్తే చాలదా?" అన్నాడు మెకానిక్.

"ఒకే మాటని నీకెవరు చెప్పారు?" అన్నారు మంత్రిగారు.

మెకానిక్ తల గోక్కుని లెక్క చెప్పాడు. రికార్డుకి ఎనిమిది, తమరు చూసుకోడానికి ఒకటి, వెరసి తొమ్మిది వైర్లు కావాలి.

"బిల్డింగులో ఎన్నున్నాయి?"

"తొమ్మిదే సార్."

"చూశారా! సరిగ్గా సరిపోయాయి" అని మంత్రిగారు చిన్నపిల్లాడిలా సంబరపడ్డారు.

ఇంకో డిష్షు పెట్టిస్తే పోతుంది కదా అని నేను నోరు జారాను. పి.ఏ. నన్ను జాలిగా చూశాడు. "కొత్త డిష్షంటే ప్రజాధనం దుబారా. ఉన్నది పంచుకోవడం పొదుపు. మీరు కార్యదర్శి కదా, ఆ మాత్రం తెలియదా?" అన్నాడు. సిగ్గుతో తల దించుకున్నాను.

మెకానిక్ వెళ్ళబోతూ ఇంకో మాట చెప్పాడు. "డిస్కు నిండితే పాతవాటిని యంత్రం తనంతట తనే చెరిపేస్తుంది సార్. ఏదైనా ఉండిపోవాలంటే దానికి తాళం గుర్తు పెట్టాలి. పెట్టమంటారా?"

మంత్రిగారికి కోపం వచ్చింది. "తాళాలా? నేను ప్రజల ముందు పుస్తకంలా తెరిచిపెడుతుంటే తాళాలు వేస్తానంటావేంటి? ఒక్క తాళం కూడా ఉండకూడదు!"

ఆ సాయంత్రమే 'సిగ్నల్ సేకరణ' మొదలైంది. అంగీకార పత్రాలు పట్టుకుని ఇంటింటికీ తిరిగే బాధ్యత నాకు దక్కింది. ఆదర్శంగా ఉండాలని మా వైరు మొదట నేనే ఇచ్చేశాను. మా ఆవిడ ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం లేదు. టీవీ మోగదు, ఆవిడా మాట్లాడదు. ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో చెప్పలేను.

అందరూ సంతకాలు పెట్టారు, నర్సమ్మగారు తప్ప.

నర్సమ్మగారిది మంత్రిగారి ఎదురు ఫ్లాటు. ప్రభుత్వాసుపత్రిలో ముప్పైనాలుగేళ్ళు పనిచేసి రిటైరయింది. కిందటి నెలే మోకాలికి ఆపరేషన్ జరిగింది, మెట్లు దిగితే ఊరుకోనన్నాడు డాక్టరు. ఆవిడకున్నదల్లా పదహారేళ్ళ మనవరాలు. ఆ పిల్లని ఆరో ఏట చెయ్యి పట్టుకుని ఊరి ఈతకొలనుకి తీసుకెళ్ళింది. తర్వాత ఎనిమిదేళ్ళు ప్రతి ఉదయం గట్టు మీద తువ్వాలు పట్టుకుని కూర్చుంది. రెండేళ్ళ కిందట మరమ్మతులని ఆ కొలను మూసేశారు. ముప్పై రోజుల్లో తెరిపిస్తానని మంత్రిగారు టీవీలో మాట ఇచ్చారు. కిందటి నెలలో మళ్ళీ ఇచ్చారు. పిల్ల రెండు బస్సులు మారి ఊరవతల ఇంకో కొలనుకి వెళ్ళి నేర్చుకుంది. ఇప్పుడు జాతీయ పోటీల్లో ఫైనల్‌కి వచ్చింది. శుక్రవారం సాయంత్రం ఆరున్నరకి, వేరే ఊళ్ళో. టీవీలో వస్తుంది.

"ఆ ఒక్క సాయంత్రం నా వైరు నాకుంచండి బాబూ. తర్వాత ఏం చేసుకున్నా సరే" అంది నర్సమ్మగారు.

ఈ మాట పి.ఏ.కి చెప్పాను. ఆయన స్వయంగా వచ్చాడు. శుక్రవారం ఆరున్నరకే మంత్రిగారి ఇంటర్వ్యూ ఎనిమిది ఛానళ్ళలో వస్తోందట.

"ఒకరికి మినహాయింపు ఇస్తే రేపు అందరూ అడుగుతారమ్మా" అన్నాడు.

"పోనీ నేనే మీ ఇంటికొచ్చి ఓ మూల కూర్చుని చూస్తాను. ఎదురిల్లేగా!"

"సెక్యూరిటీ ఒప్పుకోదమ్మా. అయినా లైవ్ ఎందుకు? గుండెదడ తప్ప ఏముంది? ఎనిమిదో వైరు మీద మీ అమ్మాయి పోటీ రికార్డు చేయించి ఇస్తాం. హాయిగా కూర్చుని చూసుకోండి. మంత్రిగారు మీ కోసం ఒక ఛానల్ వదులుకుంటున్నారు. ఎంత త్యాగమో ఆలోచించండి."

నర్సమ్మగారు నా మొహం చూసింది. నేను గోడ చూశాను. ఆవిడ సంతకం పెట్టింది. ఆ సంతకం చూస్తే ఇప్పటికీ నాకు నా మీదే అసహ్యం వేస్తుంది.

శుక్రవారం గడిచింది. ఆ రాత్రే పిల్ల ఫోన్ చేస్తే, "చెప్పకు తల్లీ! ఎదురుగా చూసినట్టే చూస్తాను, అప్పుడు మాట్లాడదాం" అని నర్సమ్మగారు పెట్టేసిందట. ఫలితం శనివారం పేపర్లో వచ్చింది. నేను చదివాను. పేపరు నాలుగు మడతలు పెట్టి పరుపు కింద దాచాను. బిల్డింగంతా ఒక్కమాట మీద నోరు కట్టేసుకుంది. రికార్డు మాత్రం శనివారం ఇవ్వలేదు, ఎందుకంటే అధికారికంగా ప్రారంభించకుండా ఎవరికీ చూపకూడదట.

ఆదివారం ప్రారంభోత్సవం. ఎనిమిది ఛానళ్ళ వ్యాన్లూ తెల్లవారకముందే గేటు ముందు నిలబడ్డాయి. కేబుళ్ళు పైకి లాగడానికి సెక్యూరిటీ ఒప్పుకోలేదు కాబట్టి, పేపరు విలేకరుల్ని మాత్రమే పైకి పంపించారు. నర్సమ్మగారిని 'మొదటి లబ్ధిదారు' అని ముందు వరస కుర్చీలో కూర్చోబెట్టారు. పక్కన నేను నిలబడ్డాను. ఆవిడ ఒళ్ళో ఒక తువ్వాలు ఉంది. ఎందుకో నేను అడగలేదు.

ఒక విలేకరి లేచాడు. "ఈతకొలను ముప్పై రోజుల్లో తెరిపిస్తానన్నారు సార్. రేపటికి ముప్పై రోజులు."

"నేనా?" అని మంత్రిగారు నవ్వారు. "అందుకే కదయ్యా ఈ యంత్రం. వెయ్యవయ్యా రికార్డు!"

మెకానిక్ మీట నొక్కాడు. తెర మీద మా గేటు కనిపించింది.

"ఇంకోటి వెయ్యి."

ఇంకోటీ మా గేటే. కొంచెం ఎడమవైపు నుంచి. మూడోదీ గేటు, నాలుగోదీ గేటు. ఎనిమిదో దాంట్లో వాచ్‌మన్ ఆవులిస్తున్నాడు.

"ఛానళ్ళన్నీ తెల్లవారుజాము నుంచి గేటునే లైవ్ ఇస్తున్నాయి సార్. తెర కింద మీ పేరు వస్తోంది కదా అని యంత్రం ఎక్కించుకుంటోంది. పాతవన్నీ చెరిగిపోయాయి. తొమ్మిదోది, శుక్రవారం ఈతపోటీ, ఒక్కటే మిగిలింది, దానికి నేనే..." అని మెకానిక్ ఆగిపోయాడు. చెప్పకుండా దొంగచాటుగా తాళం గుర్తు పెట్టాడని నాకర్థమైంది. ఈ కథలో నేను నిజంగా మెచ్చుకుంటున్నది ఆ మనిషిని ఒక్కణ్ణే.

తొమ్మిదోది వేశారు. నీలంగా నీళ్ళు, ఎనిమిది వరసలు, గట్టు మీద ఎనిమిది మంది పిల్లలు.

"అయిదో వరసలో ఎర్రటోపీ! అదే మా పిల్ల!" అని నర్సమ్మగారు ముందుకు వంగింది.

ఈల మోగింది. పిల్లలు దూకారు. ఎర్రటోపీ మొదట వెనకబడింది, తర్వాత ఒకరిని దాటింది, ఇంకొకరిని దాటింది. నర్సమ్మగారు తువ్వాలు రెండు చేతులా పిసికేస్తోంది. ఫలితం తెలిసిన నేనే మునివేళ్ళ మీద లేచాను. చివరి మలుపు తిరిగారు.

సరిగ్గా అప్పుడు మంత్రిగారు లేచి టీవీకి అడ్డంగా నిలబడి, ఫొటోగ్రాఫర్లకేసి తిరిగారు. "ఈత మీద మా ప్రభుత్వానికున్న శ్రద్ధకి ఇదే సాక్ష్యం!"

"కాస్త పక్కకి జరగండి బాబూ" అంది నర్సమ్మగారు.

"సార్, డిస్కు నిండిపోయింది. లైవ్ రికార్డు ఆగిపోతుంది. తాళం వేసినదాన్ని చెరపమంటారా అని అడుగుతోంది" అన్నాడు పి.ఏ. రిమోట్ పట్టుకుని.

"లైవ్ ఆగిపోవడమేంటి? చెరుపు!" అన్నారు మంత్రిగారు వెనక్కి తిరక్కుండానే.

నీళ్ళు మాయమయ్యాయి. వాటి స్థానంలో మా గేటు వచ్చింది.

నర్సమ్మగారు మెల్లిగా అడిగింది. "గెలిచిందా?"

"గెలిచింది! మనం గెలిచాం!" అన్నారు మంత్రిగారు కెమెరాలకేసి చూస్తూ.

నర్సమ్మగారి మొహం వెలిగిపోయింది. అక్కడే ఫోన్ తీసి నొక్కింది. తెర మీద, గేటు ముందు, భుజాన సంచితో అప్పుడే బస్సు దిగి వచ్చిన ఒక పిల్ల ఆగి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది.

"గెలిచావటగా తల్లీ! మంత్రిగారు చెప్పారు!"

ఎనిమిది ఛానళ్ళలో ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. అమ్మమ్మ చూస్తోందని తెలియకపోయినా, చిన్నప్పటి అలవాటు కాబోలు, నాలుగు వేళ్ళు పైకెత్తింది.

నర్సమ్మగారు తెర నుంచి మంత్రిగారి వైపు తిరిగింది. "నాలుగోదటండీ. మరి గెలిచిందన్నారే?"

"నేను గెలిచిందనలేదమ్మా" అన్నారు మంత్రిగారు. "అనుమానముంటే ఇదుగో, రికార్డు చూసుకోండి."

మెకానిక్ ఎనిమిదీ వెనక్కి తిప్పి వేశాడు. గేటు ఉంది. వాచ్‌మన్ ఉన్నాడు. పిల్ల ఉంది, నాలుగు వేళ్ళున్నాయి. మంత్రిగారి మాట ఎక్కడా లేదు.

నర్సమ్మగారు తువ్వాలు భుజాన వేసుకుని నా చెయ్యి పట్టుకుని లేచింది. "పద బాబూ. దేశంలో నాలుగోది ఆకలితో మెట్లెక్కి వస్తోంది. తలుపు తియ్యాలి."

మేము గుమ్మం దాటుతుంటే వెనక నుంచి మంత్రిగారి గొంతు వినిపించింది.

"ఈ ఎనిమిదింట్లో నేను ఒక్క మాటా అనలేదు కదయ్యా? అయితే వీటికి తాళం వెయ్యి."