మంగళవారం ఈత

“పడమటి గోడ తీయకుంటే ఇంట్ల స్విమ్మింగ్ పూల్ ఎట్ల పడుతదమ్మా?” కూతురు, ఆర్కిటెక్టు దీక్షిత అదే ప్రశ్న మూడోసారి అడిగింది.

“గోడ ముట్టుకుంటే నా మీద ఒట్టే. నిజాం కాలం నాడు గానుగల నూరిన డంగుసున్నం. నీ పూల్ ఆవిరికి ఉబ్బి రాలుతది” అంది రాధమ్మ.

“డాక్టర్ నీళ్లల్ల నడువుమన్నది నీ మోకాళ్లకే గద!”

“నా మోకాళ్ల సంగతి నేను చూసుకుంట.”

కొడుకు మహిధర్ డ్రాయింగు మీద చాయ్ గ్లాసు పెట్టాడు. సోఫాలోంచి కిష్టయ్య లేచాడు. రాధమ్మకు తమ్ముడు. తాండూరులో నాపరాళ్ల పాలిష్ మిల్లు ఉంది. తన లెక్కలో మాత్రం దేశం ఇంకా గుర్తించని మహా అపరాధ పరిశోధకుడు.

“ఆగుర్రి! నా మెదడు పనిచేయడం మొదలుపెట్టింది!”

“గింత ఆలస్యంగనా?” అని రాధమ్మ సంచి అందుకుని, “గుడికి పోయొస్త” అంటూ వెళ్లిపోయింది.

కిష్టయ్య గొంతు తగ్గించాడు. “చూసినవా బిడ్డా? మంగళారం, శుక్రారం గుడి. వచ్చేటప్పుడు తల తడి, నొసట బొట్టుండదు. బొట్టు లేకుండ వచ్చే గుడి ఏ ఊర్ల ఉన్నది?”

గోడ మీది క్యాలెండరులో ఆ రోజు, మంగళవారం గడిలో రాధమ్మ చేతిరాత: ‘ఈత, 11 గంటలు’.

“ఈత కల్లు!” కిష్టయ్య గుండె పట్టుకున్నాడు. “మా అక్క కల్లుకు మరిగింది! నిషా దిగనీకి తలకు పోసుకుంటున్నది!”

“ఈత అంటే ఈత కొట్టుడేమో మామా?”

“మీ అమ్మనా? చెరువు చూస్తెనే కండ్లు మూసుకుంటది.”

అది నిజమే.

తలకు తువ్వాల, కళ్లకు నల్లద్దాలు. ఆ మారువేషంలో కిష్టయ్య వీధిలోకి రాగానే ఆటో భీమప్ప పలకరించాడు. “యాడికి కిష్టన్నా?”

“నేను కిష్టన్నను కాదు.”

“అయితే కిష్టన్న అద్దాలు నీకెవరిచ్చిర్రు?”

కిష్టయ్య ఆటో ఎక్కి, ముందు పోతున్న అక్క ఆటోను చూపించాడు. అది మోమిన్‌పేట్ రోడ్డు పక్క, అక్క స్నేహితురాలు ఈశ్వరమ్మ పొలం దగ్గర ఆగింది. గట్టు మీద వరుసగా ఈతచెట్లు! నేర స్థలం! కిష్టయ్య పాక్కుంటూ దిగుడుబాయి దాకా పోయాడు. గోడ మీద అక్క చీర ఆరేసి ఉంది. లోపలి నుంచి ఈశ్వరమ్మ గొంతు:

“గుక్క పట్టక్కా! పెద్ద గుక్క! ఇంకొక్కటి!”

“తాగకక్కా! మన ఖాందాన్ పరువు!” అని దూకుడుగా లేచాడు. పాచి పట్టిన బండ మీద కాలు జారింది. మహా పరిశోధకుడు నల్లద్దాలతో సహా బాయిలో పడ్డాడు. అతనికి ఈత రాదు.

రెండోసారి మునిగేలోపు ఎవరో కాలరు పట్టుకున్నారు. నాలుగు బారల్లో మెట్ల మీదికి లాగి పడేశారు. కిష్టయ్య కళ్లు తెరిచాడు. ఎదురుగా నైటీలో, తడి జుట్టుతో రాధమ్మ.

“కల్లేదక్కా?” అన్నాడు రొప్పుతూ.

“ఏం కల్లుర?”

“ఈత...”

“ఇప్పటిదాంక చేసింది అదే గదర!” అంది. మెల్లగా, “అరవై ఏండ్లకు నేర్చుకుంటున్న. మునిగిపోతనని మీరు భయపడుతరేమోనని ఇంట్ల చెప్పలే. నిన్ను ఒడ్డుకు తెస్తనని నాకే తెల్వది” అంది.

ఆ సాయంత్రం అందరూ జొన్నరొట్టెలకు కూర్చున్నారు. కిష్టయ్య దుప్పటి కప్పుకుని తుమ్ముతున్నాడు. రాధమ్మ రొట్టె తుంచుతూ, ఎవరి మొహమూ చూడకుండా చెప్పింది.

“పూల్ కట్టుర్రి. పడమటి గోడకు పది అడుగులు అవతల, పెరట్ల వేరే గది. నడుమ కప్పేసిన నడవ. ఆవిరి గోడకు రావద్దు. ఇనుప నిచ్చెన వద్దు, బాయి లెక్క మెట్లు పెట్టుర్రి. పొద్దుగాల ఆరింటికి మీ మామకు నేనే నేర్పిస్త.”

కిష్టయ్య తుమ్ము మధ్యలోనే ఆగిపోయింది.