నక్కశకం, మూడో ఏడు

ఒక పెద్ద అడవిలో, మన భూమ్మీది అడవి కాదు లెండి, రెండు పొద్దులున్న చోటి అడవిలో, నాంచారయ్య అనే ముళ్లపంది ఉండేవాడు. ఏళ్ల రాయి మీద ఏటికో గీత చెక్కడం అతని ఉద్యోగం.

అక్కడ తెల్లపొద్దు రోజూ పొడుస్తుంది. ఎర్రపొద్దు మాత్రం నలభై ఏళ్లకోసారి దగ్గరికొచ్చి మూడు నెలలు తిష్ఠ వేస్తుంది. ఏరు ఎండిపోతుంది. అందుకని రాయి మీద నలభయ్యో గీత పడగానే కాపలా ఎలుగులు ఉత్తరపు గుహల తలుపులు తెరవాలి, ప్రాణులన్నీ లోపలి ఊట దగ్గరికి చేరాలి. అదీ చట్టం.

మంచి చట్టమే. కానీ మంచిదేదైనా రాజులకు అరిగి చస్తుందా? ఏనుగుల్ని తరిమి తోడేళ్లు గద్దెక్కాయి. "మాకు ముందు కాలమే లేదు. గీతలు చెరిపెయ్!" అన్నాయి. నాంచారయ్య చెరిపేసి మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టాడు. తోడేళ్లను దించి కోతులు ఎన్నికయ్యాయి, మళ్లీ చెరిపించాయి. కోతుల్ని బుట్టలో వేసుకుని నక్క గెలిచాడు. ఆయనా అంతే. సిగ్గులేని జన్మలు!

ఓ ఏడు వేసవికి ముందే ఏట్లో నీళ్లు మోకాలి లోతుకు దిగాయి. నాంచారయ్య తను చెరిపిన గీతలన్నీ కూడి చూసుకున్నాడు. ఇంట్లో పాలు మానని పిల్లలు ఇద్దరు. పరుగున దర్బారుకెళ్లాడు.

"ప్రభూ, ఎర్రపొద్దు వచ్చే ఏడు ఇదే. గుహలు తెరిపించండి."

చలువ గుంటలో మెడదాకా మునిగి ఉన్న నక్క ఒక కన్ను తెరిచాడు. "రాయి మీద ఎన్నో ఏడురా?"

"మూడండి."

"ఎర్రపొద్దు రావలసింది?"

"నలభైలో. కానీ ప్రభూ, ఏనుగులవి ఇరవై ఒకటి, తోడేళ్లవి పదకొండు, కోతులవి అయిదు... చెరిపింది నేనే కదండీ, ఎన్ని చెరిపానో నాకు తెలియదా!"

"అంటే నాకు ముందు కాలం ఉందంటావు?"

"రాజద్రోహం!" అని ఓండ్రపెట్టాడు గాడిద మంత్రి.

నాంచారయ్య దణ్ణం పెట్టి ఇంటికొచ్చాడు. ఉద్యోగం కదా, పాడు ఉద్యోగం!

"మూడో ఏడని చెబితే పిల్లల దాహం ఆగుతుందా?" అని విరుచుకుపడింది భార్య ఆదెమ్మ. "ఒంటి మీద అన్ని ముళ్లెందుకయ్యా నీకు, తల దువ్వుకోవడానికా?"

పది రోజులకు ఎర్రపొద్దు రానే వచ్చింది. ఏరు ఎండింది. అడవి అడవంతా గుహల ముందు పడిగాపులు పడింది. "నలభయ్యో గీత చూపిస్తేనే తలుపు" అన్నాయి ఎలుగులు. నక్క గుంట కూడా అడుగంటింది. అప్పటికి గానీ ఆయనగారికి చట్టం గుర్తు రాలేదు.

"సరే, ఏడ్చావులే. నలభై చెక్కు!" అన్నాడు గుహల దగ్గరికొచ్చి.

నాంచారయ్య గుహల ముందున్న ఏళ్ల రాయి దగ్గరికెళ్లి ఉలి ఎత్తాడు. గాడిద మంత్రి గబగబా వచ్చి, "ప్రభూ, తమ గడువు అయిదేళ్లే. నలభయ్యో ఏడంటే తమరు దిగిపోయి ముప్పయి అయిదేళ్లయినట్టు!" అన్నాడు.

నక్క నాలుక ఎండి బయట వేలాడుతోంది. అయినా అన్నాడు: "వద్దు. మూడే ఉండనీ."

నాంచారయ్య ఆదెమ్మ ఒళ్లోకి చూశాడు. చిన్నది ఏడవడం కూడా మానేసింది. అతని ఒంటి మీద ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి. ఇంకెవరి మాటా వినకుండా ముప్పయ్యేడు గీతలూ చెక్కిపారేశాడు. ఆపబోయిన గాడిద మూతి నిండా ముళ్లు దిగాయి.

తలుపులు తెరుచుకున్నాయి. చిన్నది ఊటలో మూతి పెట్టి గుటగుటా తాగింది. అది చూసి నాంచారయ్య భోరుమన్నాడు.

నక్క గడువు తీరిపోయింది గనక ఎలుగుల నాయకుడు ఊట పక్కనే గద్దె వేయించుకుని కూర్చున్నాడు. కూర్చుంటూనే హుకుం: "ఇవాళ్టి నుంచి ఎలుగుశకం, ఒకటో ఏడు. ఏడీ ఆ ముళ్లపంది?"

ఆదెమ్మ మొగుడి వంక చూసింది. నాంచారయ్య కళ్లు తుడుచుకుని, "చిత్తం" అంటూ లేచాడు.

నీతి: చరిత్ర తెలియనివాడు రాజవుతాడు, తెలిసినవాడు అతని కింద గీతలు చెరుపుతాడు.