గురువారం దాకా నడుం నొప్పి

ఏప్రిల్ మూడో శనివారం ఉదయం తొమ్మిదిన్నరకు, బెర్గెన్‌లో కొండవాలు మీది ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో, ఓడ్‌వార్‌కు నడుం పట్టేసింది. పట్టేసిందని చెప్పింది అతనే. వేరే సాక్షులు లేరు.

పది గంటలకు కింద ఆవరణలో శ్రమదానం. అక్కడ డుగ్నాడ్ అంటారు. చలికాలమంతా మంచు మీద జారకుండా చల్లిన కంకర ఎత్తాలి, తూములు తోడాలి, చెత్తడబ్బాల షెడ్డుకు రంగు వేయాలి. జీతం లేదు, బలవంతం లేదు. రాని వాణ్ణి ఎవరూ ఏమీ అనరు. ఏమీ అనకుండా వచ్చే ఏడు దాకా చూస్తారు.

అదే రోజు మధ్యాహ్నం టీవీలో ఇంగ్లండు ఫుట్‌బాల్ ఉంది. ఓడ్‌వార్ సిటీ బస్సుల టైమ్‌టేబుల్ వేసే ఆఫీసులో పనిచేస్తాడు. ఒకదానికొకటి అడ్డం రాకుండా సర్దడం అతని వృత్తి. శ్రమదానానికీ ఆటకూ మధ్య నడుమును పెట్టి సర్దాడు.

ఇందులో ఒక చిక్కుంది. అతని భార్య టూరున్ ఫిజియోథెరపిస్టు. పదేళ్లు ఆస్పత్రిలో పనిచేసి, ఇప్పుడు మళ్లీ యూనివర్సిటీలో చేరి మాస్టర్స్ చదువుతోంది. కీలు, కండరం, నరం చేత్తో పట్టి చూసి సంగతి తేల్చే చదువు అది. పోలీసు క్వార్టర్సులో కన్నం వేసేవాడు కూడా ఇంతకంటే ముందు వాకబు చేసుకుంటాడు.

ఓడ్‌వార్ ధైర్యమల్లా ఒకటే. ఆ వారమంతా టూరున్ అతని మొహం చూడలేదు. గురువారం ఆమెకు ఆఖరి ప్రాక్టికల్ పరీక్ష. విద్యార్థి తన రోగిని తానే తెచ్చుకుని, పరీక్షకుల ఎదుట చూసి, రోగం ఏమిటో చెప్పాలి. చుట్టాలైనా ఫరవాలేదన్నారు. ఆ ఊళ్లో చుట్టం కాని రోగిని వెతికేసరికి రోగం తగ్గిపోతుంది. టూరున్ ఒక ఓడ వంటవాణ్ణి మెడనొప్పితో సహా మాట్లాడి పెట్టుకుంది. శుక్రవారం సాయంత్రం అతను ఫోన్ చేసి, మెడ బాగయిందనీ, ఓడ ఎక్కేశాననీ చెప్పాడు. రోగి దొరక్కపోతే పరీక్ష మళ్లీ ఏడాదికి. ఆగస్టులో ఆమెకు ఇస్తామన్న క్లినిక్ ఉద్యోగం ఇంకొకరికి.

ఇదంతా ఓడ్‌వార్‌కు తెలుసు. దీనికీ తన నడుముకూ ముడిపడుతుందని మాత్రం తోచలేదు.

"ఏమైంది?" అంది టూరున్, పుస్తకంలోంచి తలెత్తకుండా.

"నడుం."

"ఏం చేస్తుంటే?"

"సాక్సు వేసుకుంటుంటే."

"ఏ కాలికి?"

ఓడ్‌వార్ కిందకి చూసుకున్నాడు. రెండు పాదాలూ ఉత్తివే. "విప్పుతుంటే," అన్నాడు.

"సరే, కిందకి పద. నడుం నొప్పికి మంచమెక్కడం మా తాతల నాటి వైద్యం. ఇప్పుడు కదలమంటున్నారు. పార సగం నింపి ఎత్తు, మధ్యాహ్నానికి సర్దుకుంటుంది."

వైద్యం మారిపోయిన సంగతి ఓడ్‌వార్‌కు ఎవరూ చెప్పలేదు. అతను నడుం పట్టుకుని ఆలోచించుకునేలోపు తలుపు చప్పుడయింది. గున్‌వోర్ గారు. డెబ్బై దాటిన మనిషి, ఆ భవనం సంఘానికి అధ్యక్షురాలు. పారలు పెట్టే గది తాళంచెవి మెడలో వేసుకుని తిరుగుతుంది కనక అందరూ పారల గున్‌వోర్ అంటారు, ఆవిడ లేనప్పుడు.

"నడుం పట్టిందా నాయనా? పాపం. కూర్చుని చేసే పని ఉందిలే. పాత మేకులు ఏరాలి."

"కూర్చోలేనండి."

"పోనీ నిలబడి కాఫీలు అందించు."

"నిలబడినా అంతేనండి."

"అయితే పడుకో. బెంచీల అడుగున రంగు వెయ్యాలి. అది వెల్లకిలా పడుకునే వెయ్యాలి."

శ్రమదానంలో పనికిరాని మనిషంటూ ఉండడు. నిరుడు చెయ్యి విరిగినవాడి మెడకు మేకుల సంచీ తగిలించారు. ఓడ్‌వార్‌కు ఒకటే దారి కనిపించింది. నొప్పిని కాల్లోకి దించాడు.

"ఎడమ కాలు ఎత్తలేకపోతున్నానండీ. మొద్దుబారిపోయింది."

గున్‌వోర్ గారు ఇక పని చెప్పకుండా గుమ్మం దిగి వెళ్లింది. టూరున్ పుస్తకం మూసింది. వారంలో మొదటిసారి మొగుడి మొహంలోకి చూసింది. దగ్గరికొచ్చి రెండు అరచేతులూ అతని తల మీద ఆనించింది.

"ఇలా నొక్కితే?"

"అబ్బా. తిన్నగా నడుంలోకి దిగుతోంది."

"నేనింకా నొక్కలేదు."

"చూశావా, ఎంత ముదిరిందో."

"అలాగా," అంది టూరున్. తరవాత అతని నుదుటి మీద ముద్దు పెట్టింది. "గురువారం నీకు ఆఫీసులో పనేమీ లేదుగా?"

"ఎందుకు?"

"పరీక్షకు నువ్వే నా రోగివి."

"గురువారానికి తగ్గిపోతుందేమో."

"తగ్గనివ్వను," అంది టూరున్, పార పట్టడానికి కిందకి వెళ్లింది.

ఓడ్‌వార్ ఆట మొత్తం చూశాడు. అతని జట్టు గెలిచింది. ఈలోగా కింద అతని రోగం పెరుగుతోంది. గున్‌వోర్ గారు కాలు అంది. రెండో అంతస్తువాళ్లు నరం అన్నారు. కాఫీల వేళకు ఆపరేషను దాకా వచ్చింది. సాయంత్రం వాళ్లే గుమ్మంలో వాఫిళ్లనే తీపి అట్లూ, గోధుమరంగు చీజూ పెట్టి వెళ్లారు. అతను సిగ్గుపడ్డాడు. సిగ్గుపడుతూనే తిన్నాడు.

సోమవారం వంటింట్లో కుంటుతుంటే టూరున్ అడిగింది.

"నిన్న ఎడమ కాలు కదూ?"

ఓడ్‌వార్ ఆగి, కాళ్లు చూసుకున్నాడు. "పాకుతోంది," అన్నాడు.

మంగళవారం దీన్ని ముగిద్దామనుకున్నాడు. "ఇవాళ చాలా నయంగా ఉంది టూరున్. రేపటికి లేచి తిరుగుతా."

టూరున్ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. "పదేళ్లు ఇంకొకరు చెప్పినట్టు చేశాను. ఇది పాసైతే నా చేతికి నేనే చెప్పుకుంటాను. నీకు నయమైతే నాకు ఏడాది పోతుంది. గురువారం సాయంత్రం నయం చేసుకో. నాలుగు గంటల తరవాత నీ ఇష్టం."

దొంగ రోగినని చెబితే ఆమెకు రోగి లేడు. చెప్పకుండా వెళ్లి అక్కడ దొరికిపోతే ఆమె పరువూ పోతుంది, పరీక్షా పోతుంది. ఇక మిగిలింది చిత్తశుద్ధితో జబ్బుపడడమే. బాత్‌రూములో గడియ పెట్టుకుని ఆమె పుస్తకాలు చదివాడు. వెన్నుపూసల మధ్య డిస్కు జారితే కాలు కొంచెం ఎత్తగానే అరవాలని నేర్చుకున్నాడు. ఎంత ఎత్తినప్పుడు అరవాలో తువ్వాలు కాలికి కట్టి లాక్కుని చూసుకున్నాడు.

గురువారం పరీక్ష గదిలో ఓడ్‌వార్ చెడ్డీతో బల్ల మీద పడుకున్నాడు. ప్రొఫెసర్ ఇంగెబోర్గ్ కాళ్ల వైపు కుర్చీలో కూర్చుంది. పక్కన, వేరే ఊరి నుంచి వచ్చిన పరీక్షకుడు. అతను మాట్లాడలేదు.

టూరున్ ఎడమ కాలు పట్టి మెల్లగా పైకెత్తింది. ఓడ్‌వార్ సరిగ్గా పుస్తకంలో ఉన్నచోట అరిచాడు. మాట్లాడని పరీక్షకుడు కూడా తల ఊపాడు. ఓడ్‌వార్‌కు కొంచెం గర్వం కలిగింది.

"ఇప్పుడు దాన్ని నీ అంతట నువ్వు ఎత్తు," అంది టూరున్. అతని కుడి మడమ కింద అరచెయ్యి పెట్టింది.

ఓడ్‌వార్ పళ్లు బిగించాడు. ఎర్రబడ్డాడు. కాలు లేవలేదు.

"గట్టిగా ప్రయత్నిస్తున్నావా?"

"ప్రాణం పెట్టి."

"ఇంగెబోర్గ్ గారూ, మీరూ చెయ్యి పెట్టి చూడండి."

ఇంగెబోర్గ్ వచ్చి అదే మడమ కింద చెయ్యి పెట్టింది. ఓడ్‌వార్ ఇంకోసారి ప్రాణం పెట్టాడు. నొప్పి ఎడమ కాలిదైతే కుడి మడమతో వీళ్లకేం పనో అతనికి అర్థం కాలేదు. ఆ పేజీ దాకా అతను చదవలేదు. ఒక కాలు ఎత్తబోయేవాడు రెండో మడమను తెలియకుండానే కిందకి నొక్కుతాడు. ఇద్దరి అరచేతులకూ ఏ ఒత్తిడీ తగల్లేదు.

"సరే, లేచి కూర్చో," అంది టూరున్. "అరికాలి చర్మం చూడాలి. కాళ్లు కిందకి వేలాడెయ్యి." బల్ల అంచున కూర్చున్న అతని ఎడమ పాదం చేతిలోకి తీసుకుంది. "శనివారం ఆట ఎలా జరిగింది? అడగడమే మరిచిపోయాను."

"ఏం చెప్పమంటావు. ఆఖరి నిమిషం దాకా సమానం."

"ఆఖర్న?" టూరున్ పాదాన్ని కొంచెం పైకెత్తింది.

"మూల నుంచి బంతి వచ్చింది. గోల్‌కీపరు ముందుకొచ్చేశాడు."

"తరవాత?" మోకాలు తిన్నగా అయింది. కాలు బల్లకు సమానంగా గాలిలో ఉంది.

"మావాడు ఎడమ కాలితో, బంతిని నేల తగలనివ్వకుండా, ఇదిగో ఇలా," అని ఓడ్‌వార్ తన్ని చూపించాడు.

టూరున్ చెయ్యి పక్కకి లాక్కుంది. బల్ల ముందున్న చెత్తబుట్టకు పాదం తగిలి, అది గోడ దాకా దొర్లింది. మాట్లాడని పరీక్షకుడు లేచి దాన్ని తిరిగి నిలబెట్టాడు. ఓడ్‌వార్ గాలిలో ఉన్న కాలు చూసుకున్నాడు. దాన్ని దించాలో, అరవాలో తేల్చుకోలేక కాసేపు అలాగే ఉంచాడు.

"నొప్పి," అన్నాడు చివరికి.

ఇంగెబోర్గ్ కాగితం మీద ఏదో రాసుకుంది.

"ఇందులో టూరున్ తప్పేమీ లేదండీ," అన్నాడు ఓడ్‌వార్. "తనకు తెలీదు. నేనే శ్రమదానం ఎగ్గొట్టడానికి."

"శ్రమదానం ఎగ్గొట్టారా?" అంది ఇంగెబోర్గ్. అప్పటిదాకా లేని కోపం ఆమె గొంతులో అప్పుడు వచ్చింది.

టూరున్ చేతులు తుడుచుకుంది. "వెన్నెముకలో దోషం లేదు. నరాల్లో లేదు. పడుకోబెట్టి ఎత్తితే అరిచిన కాలు, కూర్చోబెట్టి ఎత్తితే గోలు కొట్టింది. ఇలాంటివి ఒక్కటి కనిపించినంత మాత్రాన రోగిని అబద్ధాలకోరు అనకూడదు. భయంతో కూడా అలా చేస్తారు. అన్నీ కలిపి చూడాలి. ఇక్కడ అన్నీ కలిశాయి. వైద్యం, మామూలుగా పనిచేయడం. మొదట కంకర, తరవాత తూములు."

"మీకు ఎప్పుడు తెలిసింది?" అని అడిగింది ఇంగెబోర్గ్.

"శనివారం. తల మీద చెయ్యి పెట్టగానే నడుం నొప్పి అన్నాడు."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"చెబితే తగ్గిపోయేది ఇంగెబోర్గ్ గారూ. నాకు పరీక్షకు రోగి కావాలి."

ఓడ్‌వార్ భార్య వంక చూశాడు. "మంగళవారం కుర్చీ లాక్కుని చెప్పిందంతా?"

"అది నిజమే," అంది టూరున్. "ప్యాంటు వేసుకో."

పరీక్షకులు పక్క గదిలోకి వెళ్లి వచ్చారు. టూరున్ పాసయింది. అప్పుడు వేరే ఊరి పరీక్షకుడు మొదటిసారి నోరు తెరిచాడు.

"ఆ అరుపు ఎక్కడ నేర్చుకున్నారు?"

"పుస్తకంలో," అన్నాడు ఓడ్‌వార్.

"సరైన చోట అరిచారు. మా పిల్లలకు నేర్పడానికి ఇలాంటి మనిషి దొరకడు. నటుల్ని పెడితే మరీ ఎక్కువ చేస్తారు." ఇంగెబోర్గ్ వైపు తిరిగాడు. "మీకూ కావాలేమో."

"కొత్త తరగతి సెప్టెంబరులో మొదలు," అంది ఇంగెబోర్గ్. "ఈయన వస్తారా?"

"నాకు ఆఫీసు ఉంటుందండీ," అన్నాడు ఓడ్‌వార్.

"సెలవు పెడతాడు," అంది టూరున్.

ఆగస్టులో టూరున్ క్లినిక్‌లో చేరింది. సెప్టెంబరు మొదటి సోమవారం కొత్త విద్యార్థులు వరసగా వచ్చి ఓడ్‌వార్ ఎడమ కాలు ఎత్తి చూశారు. భోజనాల తరవాత కుడి కాలు ఎత్తారు.