బాణం లేని డబ్బా

ఏ కార్యాలయమైనా మనుషుల వల్ల నడుస్తుందనుకోవడం పామరుల భ్రమ. అది డబ్బాల వల్ల నడుస్తుంది. డబ్బాకీ డబ్బాకీ నడుమ గీసిన బాణాల వల్ల నడుస్తుంది. ఈ పరమసత్యాన్ని నీటి సరఫరా కార్యాలయానికి మోసుకొచ్చిన ఘనత సిస్టమ్సాయనది. (ఆయనకో సొంత పేరు కూడా ఉంది. హాజరు పట్టీలో తప్ప దాన్నెవరూ వాడరు.)

ఆయన మూడు రోజుల శిక్షణకు వెళ్లాడు. వెళ్లేటప్పుడు మామూలు మనిషే. తిరిగొచ్చాక మాత్రం కార్యాలయాన్ని 'సమగ్ర వ్యవస్థ'గా చూడటం మొదలుపెట్టాడు. గోడంత కాగితం తెప్పించి, నలభై మూడు మంది సిబ్బందిని నలభై మూడు డబ్బాలుగా గీశాడు. ఎవరి దగ్గర్నుంచి ఎవరికి ఏ సమాచారం పోతుందో బాణాలతో కలిపాడు. బాణం గీయించుకోవడం అంత తేలిక కాదు. సమాచారం అందుకున్నవాడు 'దీనివల్ల నా పనిలో ఫలానా మేలు జరిగింది' అని రాసి సంతకం పెట్టాలి. పటం కింద నియమావళి కూడా రాశాడు. అందులో ఏడోది ఆయనకు మహా ముద్దు. 'లోనికి బాణములు వచ్చుచు, వెలుపలికి ఒక్క బాణమైనను పోని డబ్బాను వ్యవస్థకు భారముగా భావించి, నెలాఖరులోగా తొలగించవలెను.'

పెద్దసారు దాన్ని రెండుసార్లు చదివారు. "శభాష్! ఇన్నాళ్లూ మనకి కరువైంది ఇదేనయ్యా" అంటూ సంతకం చేసేశారు.

ఆ సంతకం తడి ఆరాక సిస్టమ్సాయన తీరిగ్గా తన డబ్బా వైపు చూసుకున్నాడు. లోపలికి నలభై రెండు బాణాలు వస్తున్నాయి. మీటర్ల సెక్షన్ నుంచి, ఫిర్యాదుల సెక్షన్ నుంచి, ఆఖరికి గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి కూడా. బయటికి పోయేది ఒక్కటీ లేదు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. అప్పుడూ లేదు.

ఆయనకు నిజంగానే భయం వేసింది. నెలాఖరుకి పంతొమ్మిది రోజులుంది. యాభై రెండేళ్ల వయసులో, చేతనైన విద్యల్లా డబ్బాలు గీయడమే అయినవాణ్ణి ఎవరు పిలిచి పీట వేస్తారు? తన గొయ్యి తానే తవ్వుకోవడం లోకంలో కొత్త కాదు గానీ, దానికి కొలతలతో సహా పటం గీసి పెద్దసారు చేత సంతకం పెట్టించుకున్నది బహుశా తానొక్కడే.

అయినా ఆశ చావలేదు. ఆరేళ్లుగా ప్రతి సోమవారం తను 'వారపు సమగ్ర సమాచార నివేదిక' తీస్తున్నాడు కదా! నలభై పేజీలు, పదకొండు సెక్షన్లకు పదకొండు ప్రతులు. ఎవరో ఒకరికి పనికిరాకుండా పోతుందా? ముందుగా మీటర్ల సెక్షన్ గుమాస్తా దగ్గరికి వెళ్లాడు.

"నివేదికా? ఏ నివేదిక, గురువుగారూ?"

"అదేనండీ, సోమవారం సోమవారం మీ బల్ల మీద పెడతానే, నలభై పేజీలది."

"అది మీదా! ఎవరో మరిచిపోయి వెళ్తున్నారనుకుని ప్రతివారం జాగ్రత్తగా కిటికీలో పెడుతున్నాను సుమండీ."

తక్కిన పది సెక్షన్లలోనూ ఇంతకంటే మర్యాదైన జవాబు దొరకలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో మొహం వేలాడేసుకుని కూర్చుంటే, భార్య బట్టలు మడతపెడుతూ సంగతంతా విన్నది.

"మనం చేసేది ఎవరికైనా పనికొస్తుందో లేదో తెలియాలంటే ఓ వారం మానేసి చూడండి. నేనూ ఓసారి వంట మానేశాను. అరగంటలో తెలిసిపోయింది."

"ఇది నయమే. కావాలంటే మనింటికీ ఓ పటం గీస్తాను."

"వద్దు మహానుభావా! అందులో మీ డబ్బా ఎలా ఉంటుందో నాకు ఇప్పుడే కనబడుతోంది. కాపురం నిలబడనివ్వండి."

సోమవారం నివేదిక పంపలేదు. గదిలో కూర్చుని, ఎవరైనా అడుగుతారేమోనని తలుపు వారగా తీసి పెట్టుకున్నాడు. మంగళవారం ఎవరూ అడగలేదు. బుధవారం ఫోను మోగితే ఒక్క ఉదుటున అందుకున్నాడు. రాంగ్ నంబరు. (అయినా ఆ మనిషితో నాలుగు నిమిషాలు మాట్లాడాడు.)

గురువారం పొద్దున్న ముందు హాల్లో గోల మొదలైంది. కొత్త కనెక్షన్లకూ ఫిర్యాదులకూ వచ్చిన జనం ఐదొందల మందికి తక్కువుండరు. ముందు నేనంటే నేనని ఒకరినొకరు తోసుకుంటున్నారు. ఆ తోపులాటలోంచి కార్యాలయమంతా పిన్ని అని పిలిచే టోకెన్లావిడ రొప్పుతూ ఆయన గదిలోకి వచ్చిపడింది.

"నాయనా, ఈ వారం నీ కాగితాలు రాలేదేం?"

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "పిన్నీ! నువ్వు చదువుతావా?"

"చదవడమా? నాకంత తీరికెక్కడిది నాయనా. చింపుతాను."

ప్రతి సోమవారం సాయంత్రం పిన్ని పదకొండు సెక్షన్లూ తిరిగి నివేదికలన్నీ పోగుచేస్తుంది. ఒక్కో పేజీని ఎనిమిది ముక్కలు చేసి, వెనకవైపు నంబర్లు వేసి జనానికి టోకెన్లుగా ఇస్తుంది. టోకెన్ పుస్తకాల కోసం ఆమె పెట్టుకున్న అర్జీ ఆరేళ్లుగా 'పరిశీలనలో' ఉంది. (ఆ పరిశీలన వ్యవస్థను రూపొందించిందెవరో చెప్పుకోవడం బాగుండదు.)

"నీ కాగితం మంచి మందం నాయనా. చెమట చేతుల్లోనూ నలగదు. మిగతావాళ్లు రెండువైపులా రాసి పారేస్తారు, పాపిష్ఠివాళ్లు."

ఆరేళ్ల కష్టాన్ని ఎనిమిది ముక్కలు చేశారని విన్నవాడు ఏడవాలి. సిస్టమ్సాయన అక్కడికక్కడే బాణం ఫారం తీశాడు. 'నా పనిలో జరిగిన మేలు' అన్న చోట పిన్ని చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు: 'ఇది లేకపోతే జనం కొట్టుకు చస్తారు.' పిన్ని సంతకం పెట్టింది. ఫారం పట్టుకుని పెద్దసారు దగ్గరికి పరుగెత్తాడు.

పెద్దసారు తొందరపడే మనిషి కాదు. ఫారం చదివి, హాల్లోకి స్వయంగా తొంగి చూసి, ఎవరిదో మోచెయ్యి తగిలాక వెనక్కి వచ్చి కూర్చున్నారు. "నలభై మూడు డబ్బాల్లో నేరుగా ప్రజలకు చేరుతున్నది నీదొక్కటేనయ్యా" అన్నారు గద్గదంగా. మధ్యాహ్నానికల్లా ఉత్తర్వు వచ్చింది. సిస్టమ్సాయన ఉద్యోగానికి ఇక ఢోకా లేదు. కాకపోతే వ్యవస్థ మెరుగుదల దృష్ట్యా చిన్న సవరణ చేశారు. 'సదరు నివేదికలో ఖాళీగా ఉన్న వైపు మాత్రమే ఉపయోగపడుచున్నదని రుజువైనందున, వచ్చే సోమవారం నుండి నివేదికను రెండువైపులా ఖాళీగా సమర్పించవలెను.'

సోమవారం ఆయన నలభై పేజీల చొప్పున పదకొండు ప్రతులు సిద్ధం చేశాడు. పంపేముందు అలవాటు కొద్దీ తప్పులేమైనా దొర్లాయేమోనని పేజీ పేజీ తిరగేశాడు. ఒక్కటీ లేదు. ఆరేళ్లలో అదే మొదటిసారి.