చల్లటి నుదుటి చట్టం

ఒక పెద్ద అడవిలో, శ్రీహరి దయవల్ల, నడివేసవిలోనూ ఎండని మడుగు ఒకటుండేదమ్మా. ఆ నీళ్ళు తాగి బతికేవాళ్ళలో దుప్పక్క ఒకతె.

ఆ ఏడు అడవిలో జ్వరాలు పుట్టాయి. సభాధ్యక్షులు ఏనుగుగారు కంగారుపడ్డారు. కార్యదర్శి నక్క తీర్మానం చదివాడు: "జబ్బంటే జ్వరమే. నుదురు చల్లగా ఉన్నవాళ్ళకే మడుగులో ప్రవేశం."

నుదుళ్ళు చూసే ఉద్యోగం గబ్బిలానికిచ్చారు. వాళ్ళ వంశంలో ఒళ్ళు వెచ్చబడ్డవాళ్ళే లేరు మరి. పాపం, అతను నిజమే చెప్పబోయాడు.

"మా ఒంట్లో సవాలక్ష రోగాలు కాపురముంటాయండీ. మేం వాటితో తగువు పెట్టుకోం, అంతే."

సభ దాన్ని వినయమనుకుని చప్పట్లు కొట్టింది.

గబ్బిలం ఒడ్డునున్న నేరేడు కొమ్మకు తలకిందులుగా వేలాడి, వచ్చినవాళ్ళ నుదురు రెక్కతో తాకేవాడు. చల్లగా ఉంటే, తను కొరికిన జామపండు ప్రసాదంగా పెట్టేవాడు. వాళ్ళు కళ్ళకద్దుకుని తినేవారు. నాలుగు రోజులు తిరక్కుండానే నుదురు కాలిపోతూ ఒడ్డునుంచే వెనక్కి వెళ్ళేవారు.

దుప్పక్కకూ అదే గతి పట్టింది. నాలుక పిడచకట్టుకుపోయి, నక్కను బతిమాలుకుంది.

"ఒంట్లో దొంగ పడితే లోపల దేవుడు దీపం వెలిగిస్తాడు నాయనా. అదే జ్వరం. దొంగనొదిలేసి దీపాన్ని తిడతారేం?"

"దీపం ఆర్పుకుని రా అక్కా, తాగుదువుగాని," అన్నాడు నక్క.

ఆమె బురదలో నుదురానించి పడుకుంది. బురద వేడెక్కిందిగానీ నుదురు చల్లబడలేదు.

ఓ పొద్దున ఏనుగుగారు తూలుతూ వచ్చారు. గబ్బిలం ఆయన నుదురు తాకి, రెక్క చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. అబద్ధం చేతకాని జీవుడు. "కాలిపోతోందండీ," అన్నాడు.

నక్క గొంతు సవరించుకున్నాడు.

"పెద్దలకు వచ్చేది జ్వరం కాదు, తేజస్సు."

దుప్పక్క బురదలోంచి మెల్లగా లేచింది. "అయితే బాబూ, నాకూ కాస్త తేజస్సు తగిలింది. నుదురు చూసుకో."

నక్క నోరు తెరిచేలోగా ఏనుగుగారే వణుకుతూ పక్కకు జరిగారు. "రామ్మా, తాగు. దాహం ఇలా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు."

దుప్పక్క శ్రీహరిని తలచుకుని కడుపారా తాగింది. ఆమె వెనకే అడవంతా.

సాయంత్రానికి చట్టం రద్దయింది. ఎన్నడూ జ్వరపడని ఆరోగ్యవంతుడని గబ్బిలానికి శాలువా కప్పారు. అతను తలకిందులుగా ఉన్నాడు కనుక అది జారి మడుగులో పడింది. ఆ సంతోషంలో అతను సభికులందరికీ తలో జామపండు కొరికిచ్చాడు.

కనుక అమ్మలారా, అయ్యలారా, జబ్బు పడక తప్పకపోతే పెద్దవారు పడ్డాక పడండి.