నాలుగు గ్లాసుల రాస్ప్‌బెర్రీ రసం

ప్రతి ఇంట్లోనూ రోజూ పొద్దున్నే రాస్ప్‌బెర్రీ రసం తీయాలి. అందుకు చట్టం చేసినా తప్పు లేదు. వద్దనేవాడు ప్రజారోగ్యానికి శత్రువు.

నేను రాస్ప్‌బెర్రీని ఇంతవరకు చూడలేదు. అయితే ఏం? పరలోకాన్నీ చూడలేదు. ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళి దాని గురించి పాడి వస్తూనే ఉన్నాను.

ఈ జ్ఞానం నాకు మా ఊళ్ళోనే కలిగింది. తర్లుపాడు నుంచి ఆటోలో అరగంట మా ఊరు. పోయిన నెల చర్చి ముందున్న రేకుల పందిట్లో ఆరోగ్య అవగాహన సదస్సు పెట్టారు. పెద్ద ఆఫీసు నుంచి ఒక మేడం గారు వచ్చి అందరికీ రంగుల కరపత్రం పంచారు. పైన ఎర్రటి పండ్లు, మధ్యలో రసం తీసే పద్ధతి, కింద ఎనిమిది లాభాలు. చర్మం మెరుస్తుంది. కీళ్ళు వదులవుతాయి. కంటిచూపు మెరుగవుతుంది. కిడ్నీలు శుభ్రపడతాయి.

అంతకుముందు మేం ఆ ఆఫీసుకు మూడు అర్జీలు ఇచ్చాం. మూడింట్లోనూ ఒకటే రాశాం. మూడేళ్ళుగా ఊళ్ళో మంచినీళ్ళ ప్లాంటు ఆగిపోయి ఉంది, ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్ళే తాగుతున్నాం, ఫిల్టర్ మార్చండి అని. జవాబుగా పండ్ల రసం వచ్చింది. నీళ్ళడిగితే జ్యూస్ ఇచ్చే ఆఫీసు ఇంకెక్కడైనా ఉందా? ఇలాంటి వాళ్ళను పట్టుకుని పని చేయరంటారు!

లాభాలు మీరే ఆలోచించండి. మా పిల్లల పళ్ళు పసుపు గార పట్టి ఉంటాయి. ఎర్రటి రసం తాగితే పసుపు కనబడదు. నలభై దాటినవాళ్ళకు మోకాలు వంగదు, మెడ తిరగదు. గ్లాసు ఎత్తి తాగడానికి ఆ రెండింటితో పనేముంది? కందిపప్పు మా బోరు నీళ్ళలో ఎంతసేపు ఉడికినా పలుకే. రాస్ప్‌బెర్రీకి ఉడకాల్సిన అవసరమే లేదు. మా ఊరిని చూసే ఆ పండును సృష్టించినట్టుంది.

మా పక్కింటి ఝాన్సీకి ముప్పై ఏళ్ళు. కూలి పనికి పోతుంది. ఈ మధ్య రక్త పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ పెరిగిందని, కిడ్నీలు దెబ్బతింటున్నాయని తేలింది. ఇంకా మించిపోలేదు, ముందు తాగే నీళ్ళు మార్చుకో అన్నాడు డాక్టరు. మా ఊళ్ళో మొగుణ్ణి మార్చుకోవడం అంతకంటే తేలిక.

ఆ పిల్ల కరపత్రం మడిచి పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"మామా, మార్కాపురం పోతాండావు గదా. ఈ పండు యాడన్నా దొరికితే తెచ్చిపెట్టు. కిడ్నీలకు మంచిదంట."

"డాక్టరు చెప్పింది నీళ్ళ గురించి గదమ్మా."

"నీళ్ళు మన చేతిలో ఉండాయా మామా? పండైతే కొనుక్కోవచ్చు."

ఇంతకంటే గొప్ప ఆరోగ్య అవగాహన ఎవరికి ఉంటుంది? మార్కాపురం వెళ్ళాను. బండ్ల మీద గిద్దలూరు సీతాఫలాలు పోసి ఉన్నాయి. రాస్ప్‌బెర్రీ అనగానే పండ్లమ్మే ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, "అది సెల్లులో కాస్తాది పెద్దాయనా, చెట్టుకు గాదు," అంది. చివరికి సోడాలూ షర్బత్తులూ అమ్మే వలి బాషా దుకాణంలో ఆశ చిగురించింది. అతను ఎర్రటి సీసా ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇదే అన్నా రాస్ప్‌బెర్రీ."

"దీంట్లో పండు ఏది?"

"పండేందన్నా? మా నాయన కాలం నుంచి అమ్ముతాండాం. ఆ పండు మొహం మేమూ చూళ్ళేదు. రంగు, వాసన, చక్కెర. మంచినీళ్ళలో కలుపుకుంటే అయిపోయె."

"మంచినీళ్ళే కావాల్నా?"

"అవి గూడా నన్నే అడిగితే ఎట్లన్నా."

సీసా తెచ్చుకున్నాను. ఝాన్సీతో పండు దొరకలేదని చెప్పాను. పక్కింటి పిల్లను రంగునీళ్ళతో మోసం చేయడానికి నేనేం ఆఫీసరును కాను.

ఇక తయారీ. కరపత్రం ప్రకారం రెండు కప్పుల పండ్లకు నాలుగు గ్లాసుల శుభ్రమైన నీరు. పండ్ల సంగతి సీసా చూసుకుంది. గ్లాసు కోసం అలమర తెరిచాను. నా భార్య సౌభాగ్యమ్మ స్టీలు గ్లాసు చేతికి వచ్చింది. దాని మీద మేకుతో గీసిన గీత ఒకటి ఉంటుంది. ఆమెకు డయాలసిస్ నడిచిన ఏడాది డాక్టర్లు రోజుకు ఇంతే నీళ్ళు అని కొలత చెప్పారు. ఆ గీత వరకు, మూడుసార్లు. పండ్ల రసాలు అసలు వద్దన్నారు. గీసింది నేనే. ఎండాకాలంలో ఆమె ఆ గీతను వేలితో తడుముతూ కూర్చునేది.

ఆ గ్లాసుతోనే కొలిచి నాలుగు గ్లాసుల బోరు నీళ్ళు పోశాను. ఎసెన్స్ కలిపాను. రంగు బ్రహ్మాండంగా వచ్చింది.

సోమవారం అర్జీల రోజు. రసం సీసాలో పోసుకుని, ఒక గాజు గ్లాసు సంచిలో పెట్టుకుని ఆ ఆఫీసుకు వెళ్ళి లైన్లో నిలబడ్డాను. నా వంతు రాగానే గ్లాసు నింపి మేడం గారి ముందు పెట్టాను.

"ఇదేంటండీ?"

"మీరు చెప్పిన రాస్ప్‌బెర్రీ రసం మేడం. కాయితంలో ఉన్నట్టే నీళ్ళు కొలిచి పోసినా. మీరు ఒక గుక్క తాగితే మా ఊరోళ్ళకు ధైర్యం."

ఆమె ముఖం వెలిగింది. సదస్సులో చెప్పింది విని ఇంట్లో చేసి చూసినవాణ్ణి ఆమె ఉద్యోగంలో అదే మొదటిసారి చూడడం కాబోలు. పక్క సీటు అతన్ని ఫోటో తీయమంది. గ్లాసు పెదవుల దాకా వచ్చింది. కిటికీ వెలుతురు పడింది. ఎరుపులో తెల్లటి మడ్డి తేలుతోంది.

"నీళ్ళు ఎక్కడివండీ?"

"మా బోరువి మేడం."

గ్లాసు బల్ల మీదకు దిగింది. సంచిలోంచి సొంత వాటర్ బాటిల్ తీసి, రెండు గుక్కలు తాగి, మూత గట్టిగా బిగించింది. పక్క సీటు అతను ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

మూడేళ్ళలో మూడు అర్జీలు ఇచ్చాం. మా నీళ్ళ గురించి ఆ ఆఫీసులో ఒక్కరూ ఒక్క మాటా అడగలేదు. ఒక్క గ్లాసు రసం అడిగించింది. కంటిచూపు మెరుగవుతుందని కరపత్రంలో రాశారు కదా, అది అక్షరాలా నిజం. తాగకుండానే పనిచేసింది.

ఫిల్టర్ ఇంకా రాలేదు. ఝాన్సీ ఆ నీళ్ళే తాగుతోంది.

వలి బాషా ఇచ్చిన సీసాలో ఎసెన్స్ ఇంకా సగం ఉంది. ఆ ఆఫీసులో కుర్చీలు చాలా ఉన్నాయి.