నల్లరేగడిలో ఫోర్‌వీల్ పందెం

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంత ప్రజలకు తెలియజేయునది ఏమనగా: కొర్రలహాల్ గ్రామానికి రోడ్డు లేదన్న దుష్ప్రచారాన్ని నమ్మవద్దు. రోడ్డు ఉంది. కాగితం మీద రెండుసార్లు వేశారు కూడా.

మొదట కంకర రోడ్డు మంజూరైంది. ఆ ఏడే కాంట్రాక్టరు శేషప్ప ఫోర్‌వీల్ జీపు కొన్నాడు. రోడ్డు లేని ఊరికి మామూలు బండిలో ఎట్లా వస్తాడు, పాపం! కొన్నేళ్లకు తారు రోడ్డు మంజూరైంది. అప్పటికి కాంట్రాక్టులు కొడుకు యువరాజ్ చేతికొచ్చాయి. అతను టీవీ అంత తెర ఉన్న సరికొత్త ఫోర్‌వీల్ బండి కొన్నాడు. తండ్రి పేరు నిలబెట్టే కొడుకులు ఈ కాలంలో ఎంతమంది ఉంటారు చెప్పండి!

ఇక ఊరికి మిగిలిన సమస్య ఒక్కటే. జీపు గొప్పదా, కొత్త బండి గొప్పదా? రోడ్డు ఏమైందని ఏనాడూ నోరు విప్పని పెద్దమనుషులు టీ అంగడి దగ్గర దీని కోసం చొక్కాలు పట్టుకున్నారు.

"జీపంటే ఇనుమప్పా! మొరాయిస్తే సుత్తితో రెండేటేస్తే లేస్తాది."

"పోప్పా! కొత్తదాంట్లో ఏ చక్రానికెంత బలం గావాల్నో బండే సూసుకుంటాది."

చివరికి ఎద్దుల బండలాగుడు ఆనవాయితీ ప్రకారం తేల్చుకుందామని తీర్మానం చేశారు. ఎద్దుల పండ్లు చూసి జట్లు విడదీసినట్టే, కొత్త బండిని పాలపండ్ల విభాగంలో, జీపును సీనియర్ విభాగంలో చేర్చి, పందెంలోకి మాత్రం రెండింటినీ కలిపే దించాలన్నారు. రెండింటికీ పసుపు రాసి, కుంకుమ పెట్టి, మెడలు లేవు గనుక అద్దాలకు గంటలు కట్టారు. వానల్లేక నేల బీటలిచ్చి ఉంది. బురద లేని పందెం పందెమేనా? తాగేనీళ్లకు రమ్మంటే రాని ట్యాంకరు, దారి తడపడానికి పొద్దున్నుంచీ తిరిగింది. ఆడవాళ్లు ఖాళీ బిందెలతో నిలబడి ఆ మహత్కార్యాన్ని కళ్లారా చూశారు.

సరిగ్గా అప్పుడే జయన్న ఆటో వచ్చింది. అందులో నొప్పులు పడుతున్న జ్యోతి, పక్కన అత్త దేవక్క. ఆదోని ఆసుపత్రికి పోవడానికి ఉన్నది ఆ దారి ఒక్కటే.

మైకు పట్టుకున్న సుంకప్ప అడ్డం వచ్చాడు. "యాడికక్కా? మూడు సక్రాల బండికి ఈ పొద్దు ఎంట్రీ లేదు."

"కోడలు నొప్పులు పడతాంది, కనపడ్లేదా? పోనీప్పా!"

"ఆటో పోతే గాడి పడతాది. ఆ గాడెంట జీపు సులువుగా పోయిందని రేపు గలాటా సేస్తారు. రెండు రౌండ్లే గదా, ఓర్సుకోమను."

"కడుపులో బిడ్డకు మీ రౌండ్లు తెలుస్తాయా? శేషప్పన్నా, నీ జీపులోనన్నా ఎక్కించుకొని పో!"

"పోటీ బండిలో మనిషినెక్కిస్తే డిస్‌క్వాలిఫై చేస్తారమ్మా," అన్నాడు శేషప్ప, ఎంతో బాధగా.

నియమం నియమమే. అందరూ దేవక్క తెలివితక్కువతనానికి నవ్వుకున్నారు.

విజిల్ మోగింది. జీపు వీరావేశంతో దూకి, సగం దూరంలో పొట్టదాకా దిగబడింది. పక్కనుంచి వచ్చిన కొత్త బండి, ఇది రోడ్డు కాదని తెరమీద ప్రకటించి, తనంతట తానే ఆగిపోయింది. కొర్రలహాల్‌లో ఆ మాట ధైర్యంగా చెప్పింది అదొక్కటే. రెండూ కలిసి దారిని పూర్తిగా మూసేశాయి.

ట్యాంకరు ట్రాక్టరు వచ్చి లాగేలోపు శేషప్ప మైకందుకున్నాడు. "ఈ బురద మన పౌరుషం! దీనిమీద తారు పోయాలని చూసే ద్రోహులకు బుద్ధి చెప్పండి!" చప్పట్లు మోగాయి. బిందెలు పట్టుకున్న చేతులు కూడా, బిందెలు కింద పెట్టి మరీ కొట్టాయి. సిగ్గు లేని చేతులు!

ఆ చప్పట్ల మధ్యే, దేవక్క మరుగు కోసం చీర చుట్టిన ఆటోలోంచి పసిబిడ్డ ఏడుపు వినబడింది. తల్లీ బిడ్డా బతికారు. ఆ పుణ్యం దేవక్కది. సుంకప్ప మాత్రం దాన్ని పోటీ నిర్వాహకుల ఖాతాలో వేసి, ఇంకోసారి చప్పట్లు కొట్టించాడు.

ఆ పందెం వీడియో మీరూ చూసే ఉంటారు. దాని కింద జీపు వర్గం, కొత్త బండి వర్గం ఇంకా తిట్టుకుంటూనే ఉన్నాయి. ఓ మూల చీర చుట్టిన ఆటో కూడా కనబడుతుంది. దాని గురించి వచ్చిన కామెంటు ఒక్కటే: "ఆ ఆటో అడ్డం లేకుంటే జీపు ఇంకా బాగా కనపడేది."

దానికి వేలమంది లైకు కొట్టారు. అందులో మీరున్నారేమో, ఒకసారి చూసుకోండి.